లేబర్ రూమ్ డ్రిల్ డైరీ: స్టాప్‌వాచ్ పెట్టుకుని చేసిన ఏడు నెలల పని

మాది బెంగళూరు తూర్పున, కె.ఆర్.పురం దాటాక ఉండే 40 పడకల ఆసుపత్రి. నెలకు 60 నుంచి 70 కాన్పులు. సొంత బ్లడ్ బ్యాంక్ లేదు. రాత్రి డ్యూటీలో ఇద్దరు సిస్టర్లు, ఒక ఆయమ్మ, ఒక డ్యూటీ డాక్టర్ ఉంటారు. గైనకాలజిస్టు మేడమ్ ఇంటి నుంచి రావడానికి పదిహేను నిమిషాలు, అదీ రోడ్డు ఖాళీగా ఉంటే. నేను ఇక్కడ లేబర్ రూమ్ ఇన్‌ఛార్జ్ సిస్టర్ని, సొంతూరు హిందూపురం. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం లాంటి ఎమర్జెన్సీలను ఉత్తుత్తి కేసులతో సాధన చేశాం, వాటినే డ్రిల్స్ అంటున్నాను. మాలాంటి చిన్న చోట పనిచేసే సిస్టర్లు ఈ పనిని కాపీ కొట్టుకోవాలని, మేం చేసిన తప్పులు మళ్ళీ చేయకూడదని రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇందులోని మోతాదులన్నీ మా డాక్టర్లు సంతకం పెట్టి గోడకు అంటించిన కాగితంలోవి. మీ కాగితం మీ డాక్టర్ల చేత రాయించుకోండి.

దశ 0: పవర్‌పాయింట్‌కు పోయిన నెల

మొదటి నెల రెండేసి గంటల క్లాసులు మూడు పెట్టాం. క్లాసుకు ముందు పరీక్ష, తర్వాత పరీక్ష. 20కి సగటున 11 మార్కులు వచ్చేవాళ్ళకు 17 వచ్చాయి. అందరం సంతోషించాం. పది రోజులాగి ఒక మధ్యాహ్నం ఖాళీ బెడ్ మీద ఒక సిస్టర్ని పడుకోబెట్టి, "బ్లీడింగ్ అవుతోంది, మొదలుపెట్టండి" అన్నాను. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఎక్కడం మొదలయ్యేసరికి 14 నిమిషాల 20 సెకన్లు. పరీక్షలో 19 మార్కులు తెచ్చుకున్న అమ్మాయే ఆ రోజు లీడర్.

ఆ మందునే ఎందుకు టైమ్ చేశామంటే, 2017లో వచ్చిన ఊమన్ ట్రయల్ అనే అధ్యయనం, కాన్పు అయిన 3 గంటల్లోపు ఇస్తేనే దానితో ఉపయోగం అని చూపించింది. ప్రతి 15 నిమిషాల ఆలస్యానికీ ఆ ఉపయోగం సుమారు 10 శాతం చొప్పున తగ్గుతుందని తర్వాతి విశ్లేషణలో తేలింది. అంటే మా 14 నిమిషాలు ఉత్త 14 నిమిషాలు కాదు. నిండు నెలల్లో గర్భసంచికి నిమిషానికి 500 నుంచి 700 మి.లీ. రక్తం వెళ్తుంది. ఇది అందరికీ తెలిసిందే, పరీక్షలో అందరూ రాశారు కూడా.

ఇప్పటివరకు: క్లాసులు 3, డ్రిల్స్ 1, ఖర్చు 0. టైమ్ 14:20.

దశ 2 కంటే ముందు దశ 1: కంటితో కొలవడం

ఈ హెడ్డింగ్ ఇలా ఎందుకుందంటే, మేం నిజానికి దశ 2లో చెప్పే, రక్తం పట్టి కొలిచే సంచి దగ్గరే మొదలుపెట్టాం. "మాకు చూస్తే తెలుస్తుంది, కొలవడం దేనికి" అని సీనియర్లు అడ్డుపడ్డారు. వెనక్కి వచ్చి ఇది చేయాల్సి వచ్చింది. మీరు వరుసలోనే చేయండి.

దొంగ రక్తం తయారీ:
1. 3 చెంచాల కార్న్‌ఫ్లోర్‌ను చల్లటి నీళ్ళలో కలిపి, మరిగే లీటరు నీళ్ళలో పోసి తిప్పాలి.
2. చల్లారాక ఎర్ర ఫుడ్ కలర్ 10 మి.లీ., అర చెంచా కాఫీ డికాక్షన్ వేయాలి. డికాక్షన్ లేకపోతే రస్నాలా కనిపిస్తుంది.
3. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలపాలి. మరక కొంచెం సులువుగా పోతుంది.

మొదటిసారి కుంకుమ కలిపాను. పది నిమిషాల్లో కుంకుమంతా అడుగుకు పోయి, పైన గులాబీ నీళ్ళు మిగిలాయి. రెండోసారి రంగు బాగా కుదిరింది కానీ కింద రెక్సిన్ వేయడం మర్చిపోయాను. ఆ పరుపు మరక ఇప్పటికీ ఉంది, హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ నన్ను చూసినప్పుడల్లా దాని ఊసెత్తుతాడు.

నాలుగు చోట్ల కొలిచి పోశాం. తడిసిన ప్యాడ్ 100 మి.లీ., పెద్ద మాప్ 150, కిడ్నీ ట్రే 500, పరుపు మీద నుంచి నేల మీదకు కారినట్టు 1,500. మొత్తం 19 మంది అందాజు రాశారు. ప్యాడ్‌కు ఎక్కువ మంది కాస్త ఎక్కువే రాశారు. కిడ్నీ ట్రేకు 200 నుంచి 800 దాకా వచ్చాయి. నేల మీది 1,500కు నర్సుల్లో, డాక్టర్లలో ఒక్కరూ 1,200 దాటలేదు. కొందరు 400 అన్నారు. ఎక్కువ పోయేకొద్దీ కన్ను తక్కువ చూస్తుంది. దగ్గరగా వచ్చింది ఆయమ్మ ఒక్కరే. "ఒకటిన్నర లీటరు ఉంటుందక్కా, తుడిచేది నేనే కదా" అంది. మాప్ దగ్గరికొచ్చేసరికి అదే ఆయమ్మ 600 అంది, అది వేరే సంగతి.

ఆ కాగితాలను పేర్లు కొట్టేసి నోటీసు బోర్డుకు పెట్టాం. "చూస్తే తెలుస్తుంది" అనే మాట ఆ వారం నుంచి వినలేదు.

ఇప్పటివరకు: ఖర్చు 260 రూపాయలు.

దశ 2: సంచి

2023లో ఈ-మోటివ్ అనే పెద్ద అధ్యయనం వచ్చింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రులు. కాన్పవగానే నడుము కింద గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచి రక్తం పట్టడం, గీత దాటగానే చికిత్సలన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా ఒకేసారి మొదలుపెట్టడం, ఇంతే పద్ధతి. లీటరు పైగా రక్తం పోవడం, దానికోసం పొట్ట కోయాల్సి రావడం, ప్రాణం పోవడం మూడూ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. నన్ను పట్టుకున్నది ఇంకో అంకె. మామూలు పద్ధతిలో నడిచిన ఆసుపత్రుల్లో పీపీహెచ్ (కాన్పు తర్వాత ఎక్కువ రక్తం పోవడం) కేసుల్లో 51 శాతమే గుర్తించారు. సంచి ఉన్నచోట 93 శాతం.

డ్రిల్స్ కోసం సంచి మేమే చేసుకున్నాం. చిక్‌పేటలో మందపాటి పారదర్శక ప్లాస్టిక్ మీటర్ల లెక్కన దొరుకుతుంది. ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించాను. మొదటిది కారింది. ఇస్త్రీపెట్టెకు, ప్లాస్టిక్‌కు మధ్య న్యూస్‌పేపర్ పెట్టాక రెండోది నిలిచింది.

అసలు తప్పు గీతల్లో జరిగింది. సంచిని టేబుల్ మీద పడుకోబెట్టి, 100 మి.లీ. చొప్పున నీళ్ళు పోస్తూ మార్కర్‌తో గీశాను. బెడ్ అంచుకు వేలాడదీస్తే అడుగు సాగి, ఆకారం మారిపోయింది. 300 గీత దగ్గరికి వచ్చేసరికి లోపల నిజానికి 420 ఉన్నాయి. 120 మి.లీ. తేడాతో మూడు ప్రాక్టీసులు చేశాక గానీ నాకు అనుమానం రాలేదు.

సరైన వరుస:
1. సంచిని అసలు బెడ్‌కు, అసలు ఎత్తులో వేలాడదీయాలి.
2. కొలపాత్రతో 100 చొప్పున పోస్తూ గీయాలి. 300కు పసుపు టేపు, 500కు ఎర్ర టేపు.
3. ఖాళీ చేసి, ఇంకొకరితో ఇంకోసారి పోయించి సరిచూడాలి.

మా నియమం: 300 దాటి, నాడి గానీ బీపీ గానీ తేడాగా ఉన్నా, రక్తం ధారగా వస్తున్నా మొదలుపెట్టాలి. 500 దాటితే ఇంకేమీ చూడక్కర్లేదు. పేషెంట్లకు మాత్రం కంపెనీ చేసిన స్టెరైల్ సంచులే వాడుతున్నాం. బిడ్డ బయటికి వచ్చాకే కింద పెట్టాలి, లేకపోతే ఉమ్మనీరు కూడా లెక్కలోకి వస్తుంది. సంచిలో పడని ప్యాడ్లను, మాప్‌లను వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి, పొడి బరువు తీసేస్తాం. 1 గ్రాము అంటే 1 మి.లీ. అనుకుంటే చాలు.

ఊహించని అడ్డు వార్డులో వచ్చింది. కూతురి కాన్పుకు కడప నుంచి వచ్చిన ఒక పెద్దామె సంచి చూసి, "రక్తం కొలుస్తారా? దిష్టి కాదూ! చెడు రక్తం ఎంత పోతే అంత మంచిది, పోనీయండమ్మా" అంది. ఇదే మాట కన్నడంలో, తమిళంలో కూడా విన్నాం. మా కొత్త సిస్టర్లలో కొందరికి ఇళ్ళలో విన్న ఈ మాట మనసులో ఏ మూలో ఉంది, కాస్త ఎక్కువ పోతున్నా తొందరపడరు. పెద్దామెతో, "చెడు రక్తమైతే నెమ్మదిగా పోతుందమ్మా, ఇది తొందరగా పోతే ఒంట్లో రక్తమే పోతున్నట్టు, అందుకే చూస్తున్నాం" అన్నాను. వైద్యం ప్రకారం ఇది సరైన వాక్యం కాదని నాకు తెలుసు. ఆమె మాత్రం ఒప్పుకుని, తనే కూర్చుని గీత చూస్తూ ఉంది.

ఇప్పటివరకు: ఖర్చు 1,390 (ప్లాస్టిక్, టేపులు 480, త్రాసు 650).

దశ 3: 14 నిమిషాలు ఎక్కడికి పోయాయి

డ్రిల్ 2ను ఫోన్‌లో వీడియో తీశాం. టైమ్ 11:05. కూర్చుని సెకన్ల లెక్కన రాసుకుంటే ఇలా తేలింది:
1. మందుల కప్‌బోర్డు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి 2:10.
2. గర్భసంచిని బిగుసుకునేలా చేసే ఆక్సిటోసిన్ కోసం కింది అంతస్తు ఫార్మసీకి వెళ్ళి రావడానికి 3:25.
3. లావు కాన్యులా (నరానికి పెట్టే గొట్టం) వెతకడానికి 1:40. లేబర్ రూమ్‌లో ఉన్నవన్నీ సన్నవి, పింక్, బ్లూ. లావువాటిలో గ్రే ఒక్కటీ లేదు, గ్రీన్ రెండే.
4. "ఎంత ఇవ్వాలి" అని ఒకరినొకరు అడుగుకోవడానికి 0:50.

అంటే 11 నిమిషాల్లో 8 నిమిషాలు వస్తువుల కోసం, మాటల కోసం పోయాయి. చేతి నైపుణ్యం లేక పోయింది దాదాపు ఏమీ లేదు. మా క్లాసులన్నీ చేతి నైపుణ్యం మీదే.

పీపీహెచ్ పెట్టె: మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, లేబర్ రూమ్‌లో ఒకటి, ఆపరేషన్ థియేటర్ బయట ఒకటి. గ్రే, గ్రీన్ కాన్యులాలు రెండేసి, సెలైన్ సెట్లు, ట్రానెక్సామిక్ 500 మి.గ్రా. అంపూల్స్ 4 (ఒక డోసు 1 గ్రాము, అంటే రెండు, 10 నిమిషాల మీద నెమ్మదిగా), మిసోప్రోస్టాల్ మాత్రలు, ఫోలీ క్యాథెటర్ (మూత్రం గొట్టం), కండోమ్, దారం. చివరి మూడూ కండోమ్ బెలూన్ కోసం, గర్భసంచి లోపల నీళ్ళతో ఉబ్బించి ఒత్తిడి పెట్టడానికి. ఢాకాకు చెందిన డాక్టర్ సయేబా అఖ్తర్ పుణ్యమా అని మనలాంటి చోట్ల కూడా అందుబాటులోకి వచ్చిన ఉపాయం అది.

రెండు వారాల తర్వాత పెట్టె తెరిచి చూస్తే కాన్యులాలు మూడు, సెలైన్ సెట్ ఒకటి మాయం. దొంగతనం ఏమీ కాదు. వార్డులో అయిపోయాయని "అప్పు" తీసుకున్నారు. సరే అని మూతకు ప్లాస్టిక్ జిప్ టై బిగించాను. డ్రిల్ 3లో అది తెగలేదు. కత్తెర కోసం పరుగు, 50 సెకన్లు. లీడర్ చివరికి పళ్ళతో ప్రయత్నించింది. ఇప్పుడు మూత మీద కాగితం టేపు, దాని మీద తేదీ, సంతకం. చేత్తో లాగితే చిరుగుతుంది, చిరిగితే ఎవరో తీశారని తెలుస్తుంది.

ఆక్సిటోసిన్ పెట్టెలో పెట్టలేం, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. లేబర్ రూమ్ పక్క గదిలో చిన్న ఫ్రిజ్ ఉంది, అందులో పెట్టాం. అనుమానంతో థర్మామీటర్ పెడితే తలుపు అరలో 12 డిగ్రీలు. కారణం కాఫీ. నైట్ డ్యూటీ పాల ప్యాకెట్లు అందులోనే, గంటకోసారి తలుపు తీస్తారు. పాలు బయటికి పంపడానికి నాకు మూడు మీటింగులు పట్టాయి. లేబర్ రూమ్‌లో ఇంతకంటే పెద్ద గొడవ నేను చూడలేదు. ఆక్సిటోసిన్ మధ్య అరలోకి వచ్చాక 5 డిగ్రీల దగ్గర నిలబడింది.

గర్భసంచిని బిగించే మందులు ఇంకో రెండున్నాయి. మెథర్జిన్ మీద ఎర్ర చుక్క పెట్టి "బీపీ ఉంటే వద్దు" అని, కార్బోప్రోస్ట్ మీద "ఆస్తమా ఉంటే వద్దు" అని రాశాం.

ఇప్పటివరకు: డ్రిల్స్ 4, ఖర్చు 2,660 (పెట్టెలు 580, లామినేషన్ 240, థర్మామీటర్ 450). టైమ్ 7:30.

దశ 4: ఎర్డు, ఏడు

7:30 దగ్గర ఆగిపోయాం. డ్రిల్ 5 వీడియో మూడుసార్లు చూశాను. లీడర్ గాల్లోకి చూస్తూ "తొందరగా సెలైన్ తీసుకురండి, డాక్టర్‌కు ఫోన్ చేయండి" అంటోంది. సెలైన్ కోసం ఇద్దరు పరుగెత్తారు. డాక్టర్‌కు ఎవరూ చేయలేదు, అవతలి వాళ్ళు చేస్తారని ఎవరికి వాళ్ళే అనుకున్నారు.

మా సిస్టర్లలో కోలారు, తుమకూరు వాళ్ళు, చిత్తూరు, అనంతపురం వాళ్ళు, కేరళ అమ్మాయిలు, మణిపూర్ నుంచి ఒకామె ఉన్నారు. మామూలప్పుడు అందరికీ అన్నీ అర్థమవుతాయి. టెన్షన్‌లో ఎవరి నోటికి వాళ్ళ భాషే వస్తుంది. డ్రిల్ 6లో తుమకూరు సిస్టర్ ట్రానెక్సామిక్ అంపూల్స్ గురించి "ఎర్డు" అంది, అంటే కన్నడంలో రెండు. చేరి నెల కాని చిత్తూరు అమ్మాయి చెవికి అది "ఏడు" లాగా వినిపించింది. పెట్టెలో నాలుగే ఉన్నాయి కాబట్టి నిలబడి వెతుకుతోంది. అడగలేదు. "ఎందుకు అడగలేదమ్మా?" అంటే, "సీనియర్ కదక్కా, మళ్ళీ అడిగితే కోప్పడతారని" అంది.

ఆ రోజు పెట్టుకున్న నియమాలు:
1. పని చెప్పే ముందు పేరు పిలవాలి, కళ్ళలోకి చూడాలి.
2. అంకెలు, మందుల పేర్లు ఇంగ్లిష్‌లోనే. "టూ అంపూల్స్". మిగతా మాటలు ఏ భాషైనా సరే.
3. విన్నవాళ్ళు తిరిగి చెప్పాలి, పని అయ్యాక "ఇచ్చాను" అనాలి.
4. తిరిగి చెప్పకపోతే చెప్పలేదనే లెక్క.

మూడో నియమం సీనియర్లకు చిరాకు తెప్పించింది, "చిలక పలుకులు" అన్నారు. నాలుగో నియమంతో తప్పు, పని చెప్పినవాళ్ళ మీద కూడా పడింది కాబట్టి దారికొచ్చారు. ఆయమ్మకు ఒకే పని: బ్లీడింగ్ అని వినగానే డాక్టర్‌కు ఫోన్. నంబరు గోడ మీద అరచేయంత అంకెల్లో ఉంది.

ఇప్పటివరకు: డ్రిల్స్ 6, ఖర్చు 2,750 (పేరు స్టిక్కర్లు 90). టైమ్ 5:45.

దశ 5: ఫిట్స్, 14 అంపూల్స్

ఎక్లాంప్సియా (గర్భిణికి బీపీ పెరిగి వచ్చే ఫిట్స్) డ్రిల్ త్వరగా అయిపోతుందనుకున్నాను. ఫిట్స్ ఆపే మాగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్) మొదటి డోసు మా దగ్గర ప్రిచర్డ్ పద్ధతి: 4 గ్రాములు నరానికి, 5 నిమిషాల పాటు నెమ్మదిగా, తర్వాత రెండు పిరుదులకు 5 గ్రాముల చొప్పున 10. మనకు దొరికే 2 మి.లీ. అంపూల్‌లో 1 గ్రాము ఉంటుంది. మొత్తం 14 అంపూల్స్ పగలగొట్టాలి. ఒక్కరే పగలగొట్టి సిరంజిలోకి లాగడానికి 6:15 పట్టింది, వేలు తెగింది కూడా. ఇంకొకరు నరానికిచ్చే 4 అంపూల్స్‌ను నీళ్ళు కలపకుండా ఇవ్వబోయారు.

ఇప్పుడు పెట్టె మూత లోపల అంటించిన కార్డు ఇలా ఉంటుంది:
1. 4 అంపూల్స్ (8 మి.లీ.) + సెలైన్ 12 మి.లీ. = 20 మి.లీ. సిరంజి, నరానికి.
2. 5 అంపూల్స్ (10 మి.లీ.) ఒక సిరంజి, 5 ఇంకో సిరంజి, కండకు.
3. నరానికి ఇచ్చేవాళ్ళు వేరు, కండ సిరంజిలు నింపేవాళ్ళు వేరు.
4. తర్వాతి డోసుకు ముందు మోకాలి జర్క్, శ్వాస నిమిషానికి 16 తగ్గకుండా, మూత్రం 4 గంటల్లో 100 మి.లీ. తగ్గకుండా ఉన్నాయా చూడాలి.
5. మాగ్‌సల్ఫ్ ఎక్కువైతే విరుగుడుగా ఇచ్చే కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. ఈ పెట్టెకే రబ్బర్ బ్యాండ్ వేసి ఉంటుంది.

డ్రిల్ 7లో పేషెంట్ భర్తగా మా వాచ్‌మన్ నటించాడు. ఫిట్స్ మొదలవగానే ఎవరూ చెప్పకుండానే జేబులోంచి తాళాల గుత్తి తీసి పేషెంట్ చేతిలో కుక్కాడు. నటన కాదు, నిజంగానే చేశాడు. అందరం నవ్వాం కానీ, అప్పటిదాకా మా కార్డులో బంధువులను ఏం చేయాలో ఒక్క లైను కూడా లేదు. ఇప్పుడుంది: ఎడమ పక్కకు తిప్పాలి, నోట్లో చెంచా గానీ చేతిలో ఇనుము గానీ పెట్టనివ్వద్దు, ఒకరు వాళ్ళను బయటికి తీసుకెళ్ళి మాట్లాడాలి.

ఇప్పటివరకు: డ్రిల్స్ 8, ఖర్చు 3,100. సిరంజిలు నింపే టైమ్ 6:15 నుంచి 2:40.

దశ 6: భుజం ఇరుక్కుంటే

కాన్పులో తల బయటికొచ్చాక బిడ్డ భుజం ఇరుక్కుపోతే ఏం చేయాలన్నది తర్వాతి డ్రిల్. దీనికోసం కొనే శిక్షణ బొమ్మల ధర మా యాజమాన్యం వినలేకపోయింది. 20 లీటర్ల నీళ్ళ క్యాన్ మూతి వైపు వెడల్పుగా కోసి, అదే కటి అనుకున్నాం. కోసిన అంచు చేతులు గీరింది, సైకిల్ ట్యూబ్ తొడిగాం. బిడ్డగా గుడ్డ బొమ్మ, లోపల మూడున్నర కిలోల బియ్యం. పది రోజుల్లో స్టోర్ రూమ్ ఎలుకలు బిడ్డను కొరికేశాయి. ఇప్పుడు జిప్ కవర్లలో ఇసుక.

డ్రిల్ 9లో లీడర్ "పొట్ట మీద నొక్కు" అంది, సాయం చేసే అమ్మాయి పైనుంచి, అంటే గర్భసంచి తల మీద నొక్కింది. అది చేయకూడనిది, భుజం ఇంకా ఇరుక్కుంటుంది. నొక్కాల్సింది కింద, జఘనాస్థికి (పొత్తికడుపు కింద ముందు వైపు ఉండే ఎముక) కాస్త పైన. తప్పు అమ్మాయిది కాదు, మాటది. అనడం మార్చాం: "ఎముక పైన నొక్కు". ఇంకో సంగతి, మా బెడ్ ఎత్తు, ఆ అమ్మాయి పొట్టి, ఎముక పైన నొక్కడానికి బరువు ఆనలేదు. బెడ్ కింద శాశ్వతంగా ఒక స్టూల్ పెట్టాం. ఈ దశలో ఎక్కువ ఫలితం ఇచ్చిన వస్తువు ఆ 850 రూపాయల స్టూలే.

వరుస మామూలే: సాయం పిలవడం, కాళ్ళు రెండూ పొట్ట వైపు బాగా మడవడం, ఎముక పైన నొక్కడం, తర్వాత లోపలున్న బిడ్డ చేయిని బయటికి తీయడం, లేదా తల్లిని చేతులు, మోకాళ్ళ మీదకు తిప్పడం. ఒకరు ప్రతి 30 సెకన్లకు టైమ్ గట్టిగా చెప్పాలి. ఇంగ్లండ్ బ్రిస్టల్‌లోని సౌత్‌మీడ్ ఆసుపత్రిలో ఇలాంటి శిక్షణ తర్వాత, భుజం ఇరుక్కున్న కాన్పుల్లో బిడ్డకు గాయాలు 9.3 శాతం నుంచి 2.3 శాతానికి తగ్గాయని 2008లో ప్రచురించారు. మా దగ్గర అలాంటి కేసులు తక్కువ, శాతాలు చెప్పేంత లెక్క లేదు.

ఇప్పటివరకు: డ్రిల్స్ 10, ఖర్చు 4,490.

దశ 7: రాత్రి 2:40, నేను చేసిన తప్పు

ఎవరికీ చెప్పకుండా నైట్ డ్రిల్ పెట్టాను. టైమ్ 9:50. పగటి 5:45 చూసి మురిసిపోతున్న మాకు అది చెంపదెబ్బ. ఇద్దరే సిస్టర్లు, నలుగురి కోసం రాసుకున్న కార్డు. ఇద్దరికి వేరే కార్డు రాశాం, అందులో మొదటి లైను: ఒకరు పేషెంట్ దగ్గర నుంచి కదలకూడదు. రక్తం తెప్పించడం మీద కూడా అప్పుడే కళ్ళు తెరిచాం. మనిషిని పంపి తెప్పించడానికి పగలు 55 నిమిషాలు పట్టింది. అందుకే ఇప్పుడు 500 గీత దాటగానే, తగ్గుతుందేమో అని చూడకుండా, క్రాస్‌మ్యాచ్ (ఎక్కించే రక్తం సరిపోతుందో చూసే పరీక్ష) శాంపిల్‌తో మనిషి బయల్దేరుతాడు.

కానీ ఆ రాత్రి అసలు కథ ఇది కాదు. రెండు తప్పులు చేశాను.

ఒకటి, పక్క గదిలో నొప్పులతో ఒకామె ఉంది. "బ్లీడింగ్! బ్లీడింగ్!" అనే అరుపులు విని ఆమె తల్లి గోడ పట్టుకుని ఏడ్చేసింది. కాళ్ళ మీద పడినంత పని చేసి క్షమాపణ చెప్పాను. ఇప్పుడు లేబర్‌లో ఎవరైనా ఉంటే డ్రిల్ లేదు. వార్డులో ఉన్నవాళ్ళకు ముందే ఒక్క మాట చెబుతాం.

రెండోది చెప్పడానికి ఇప్పటికీ మొహమాటంగా ఉంది. డ్రిల్స్‌కు ఫార్మసీ నుంచి ఎక్స్‌పైరీ అయిన మందులు తెచ్చుకునేవాళ్ళం, ఖర్చు ఉండదని. డ్రిల్ అయ్యాక ఒక సిస్టర్ పద్ధతిగా అన్నీ సర్దింది. మిగిలిన మూడు ఎక్స్‌పైరీ ఆక్సిటోసిన్ అంపూల్స్‌ను ఫ్రిజ్ ట్రేలో, మంచివాటి పక్కన పెట్టింది. పొద్దున లెక్కలో 20 ఉండాల్సిన చోట 23 ఉన్నాయి కాబట్టి దొరికింది. మందు తగ్గితే వెతుకుతాం, ఎక్కువైతే ఎవరూ అడగరు. ఆ రోజు లెక్క చూసిన అమ్మాయి అడిగింది. మధ్యలో నాలుగు గంటలు ఆ ట్రే అలాగే ఉంది. ఆ నాలుగు గంటల్లో కాన్పులేవీ జరగలేదు, అది మా తెలివి కాదు, అదృష్టం.

సర్దిన అమ్మాయి తప్పేమీ లేదు, గుర్తు లేని మందులు ట్రేలో పెట్టిచ్చింది నేను. మేడమ్‌కు రాతపూర్వకంగా ఇచ్చాను. మార్పులు:
1. డ్రిల్ అంపూల్ మెడకు ఎర్ర నెయిల్ పాలిష్, ఒంటికి "డ్రిల్" స్టిక్కర్.
2. ప్రత్యేక జిప్ పర్సు. వెళ్ళేటప్పుడు లెక్క, వచ్చేటప్పుడు లెక్క, ఇద్దరి సంతకాలు.
3. లెక్క కుదిరేదాకా చర్చ లేదు, టీ లేదు, ఇంటికి వెళ్ళడం లేదు.

ఇది చదివి ఒక్కటే కాపీ కొట్టాలనుకుంటే ఈ మూడు లైన్లు కొట్టండి.

ఇప్పటివరకు: డ్రిల్స్ 12, ఖర్చు 4,670. నైట్ టైమ్ 9:50 నుంచి 6:30.

దశ 8: మనుషులు మారిపోవడం

ఆరో నెలలో ముగ్గురు సిస్టర్లు మానేశారు, ఇద్దరు గల్ఫ్‌కు, ఒకరు పెళ్ళి చేసుకుని. ముగ్గురు కొత్తవాళ్ళు వచ్చారు. డ్రిల్ 13 టైమ్ 8:15. బాధపడ్డాను కానీ, పెట్టె, టేపు, స్టూల్, కార్డు ఎవరూ గల్ఫ్‌కు పట్టుకుపోలేదు. అందుకే దశ 0 నాటి 14కు వెళ్ళకుండా 8 దగ్గర ఆగింది. రోజంతా వర్క్‌షాప్ ఆలోచన వదిలేశాం. ఇప్పుడు పన్నెండు నిమిషాల డ్రిల్, ఎనిమిది నిమిషాల మాట. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారంలోనే ఒకసారి లీడర్‌గా నిలబడాలి. డ్రిల్ 14కు 4:40.

దశ 9: నిజం కేసు

పోయిన నెల. మూడో కాన్పు, మామూలు కాన్పే. బిడ్డ పుట్టిన 8 నిమిషాలకు సంచి పసుపు టేపు దాటింది, నాడి 116. రాత్రి డ్యూటీలో ఉన్న ఇద్దరిలో ఒకరు చిత్తూరు అమ్మాయి. పేరు పిలిచి పని చెప్పింది, టేపు చింపింది. స్టాప్‌వాచ్ మీద ఆక్సిటోసిన్ 1:50కి, ట్రానెక్సామిక్ 4:55కి. మసాజ్, సెలైన్, మూత్రం ఖాళీ చేయడం, చిరుగులు చూడడం అన్నీ జరిగాయి. మేడమ్ వచ్చేసరికి గర్భసంచి గట్టిపడింది. మొత్తం పోయింది 780 మి.లీ. రక్తం ఎక్కించే అవసరం రాలేదు.

పొద్దున కేస్‌షీట్ చూసి నోరు తెరిచాను. బిడ్డ పుట్టింది 4:31కి. ట్రానెక్సామిక్ మొదలుపెట్టింది 4:29కి. కాగితం ప్రకారం బిడ్డ పుట్టకముందే తల్లికి మందు ఇచ్చేశాం. పుట్టిన టైమ్ మానిటర్ చూసి రాశారు, మందు టైమ్ గోడ గడియారం చూసి రాశారు. ఫోన్‌తో పోల్చి చూస్తే మానిటర్ 7 నిమిషాలు ముందు, గోడ గడియారం 8 నిమిషాలు వెనక. పై 4:55 చెప్పగలుగుతున్నది ఆయమ్మ అలవాటుగా స్టాప్‌వాచ్ నొక్కింది కాబట్టే. ఏడు నెలలు సెకన్లు లెక్కపెట్టిన గదిలో గోడ మీద టైమ్ తప్పుంది.

గోడ గడియారానికి కొత్త సెల్ వేశాం, 20 రూపాయలు, మొత్తం 4,690. మానిటర్ టైమ్ మార్చాలంటే పాస్‌వర్డ్ కావాలట. బయోమెడికల్ అతను గురువారం వస్తానన్నాడు. డ్రిల్ 15 అతను వచ్చి వెళ్ళాకే.